పాచి కింది పరిగెలు

ఆ ఏడు మా మామయ్య దోన్ క్రిసాంతో ఊరి నీళ్ళ తీర్పరి. సౌసాల్‌లో ఆ పెద్దరికం ఎవరికీ అక్కర్లేదు, అయినా ఎవరో ఒకరు మొయ్యాలి. కాలవ మీద ఎవరి వంతు ఎప్పుడో, ఎవరి మడవ ఎంతసేపు తెరిచి ఉంచాలో చెప్పడం వానల నెలల్లో పనే కాదు. మే దాటాక, సొనోరా కొండల మీద ఆకు కూడా కదలని రోజుల్లో, అదే మనిషికి ఊళ్ళో పలకరించే దిక్కుండదు. మామయ్య దానికి సిద్ధపడే ఒప్పుకున్నాడు. నీళ్ళు తగ్గడం వచ్చి వచ్చి సరిగ్గా తన అక్క వంతు ముందర కూర్చుంటుందని మాత్రం అనుకోలేదు.

ఆవిడ పేరు లిబ్రాద. నాకు పెద్దత్త వరస. అరవై నాలుగేళ్ళ మనిషి. భర్త పోయాక కాలవ తోకన ఉన్న చేలో పన్నెండు పొడుగాటి సాళ్ళ మిరప వేసుకుని, ఎండిన కాయలు దండలు గుచ్చి అమ్ముకుని, ఎవరి గడపా తొక్కకుండా బతికేది. తమ్ముడి గడప అసలే తొక్కదు. పదకొండేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు.

కారణం చెట్లు. మా ఏటి ఒడ్డున చేను ఉన్న ప్రతివాళ్ళూ గట్టు వెంబడి ఆలమో కొమ్మలు పాతి, అవి చిగిర్చాక వాటి మధ్య కంప అల్లుతారు. వరద వచ్చినప్పుడు ఆ దడి నీళ్ళ ఊపు తగ్గించి ఒండ్రు పట్టి పెడుతుంది. మామయ్య దడి కుదరాల్సినదానికంటే బాగా కుదిరింది. ఒక ఏడు వరద దానికి తగిలి పక్కకు తిరిగి, అక్క చేలో నాలుగు సాళ్ళ నేలను ఊడ్చుకుపోయింది. కావాలని చేశాడని ఆవిడ. వరదకు నేను దారి చెప్పానా అని ఈయన. అప్పట్నుంచి ఏం చెప్పుకోవాలన్నా మూడో మనిషి ద్వారానే, ఎదురెదురుగా నిలబడి ఉన్నా సరే. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చాక ఆ ఉద్యోగం నాకు దక్కింది.

ఏరు తెగిందో లేదో, అంటే పారకం ఆగిపోయిందో లేదో, తేల్చడానికి మా ఊరికో పద్ధతి ఉంది. జూన్‌లో ప్రతి బుధవారం, మనిషి నీడ టోపీ అంచు దాటని వేళ, తీర్పరి రేవు దగ్గర ఏట్లోకి దిగి రాతి మడుగు దాకా నడుస్తాడు. వెతికేది పరిగెల కోసం. చిటికెన వేలంత చేపలు. ఇసుక రంగు వీపు, పక్కన నల్ల గీత, కడుపు కింద పసుపు. ఇసుకలో సాసరంత గుంటలు చేసుకుని గుడ్లు పెడతాయి. వాటికంటే పెద్ద చేప మా ఏట్లో లేదు, వాటిని పట్టి వండేంత ఆకలి కూడా మాకెప్పుడూ వెయ్యలేదు. పరిగెలు కనబడితే ఏరు బతికున్నట్టు. కనబడకపోతే తెగినట్టు. తెగితే తీర్పరి కాలవ తల దగ్గర మడవ మూసిన చెక్క మీద మూడు రాళ్ళు పెడతాడు. ఆ తర్వాత చేలకు చుక్క పోకూడదు, మిగిలిందంతా ఇళ్ళకూ పశువులకూ. ఆ రాళ్ళు మళ్ళీ తియ్యాలంటే ఊరంతా కూడి ఒప్పుకోవాలి. నడిమధ్యాహ్నమే ఎందుకంటే, ఎండ నిట్టనిలువునా పడి అడుగు దాకా కనిపిస్తుంది కాబట్టి. ఎవరి తాత పెట్టిన పద్ధతో గాని, తప్పు పట్టడానికి ఏమీ లేనట్టే ఉండేది.

వానలు తెస్తుందనే సాన్ హువాన్ పండక్కి ఇంకా పన్నెండు రోజులుంది. ఆ బుధవారం రాసి పెట్టడానికి నేనూ, సాక్షిగా దోన్ మకారియో కూడా మామయ్య వెంట నడిచాం. మకారియోకి నలభై పశువులు. కాలవకు పోయే ప్రతి చుక్కా తన ఆవుల నోట్లోంచి లాక్కున్నట్టే ఉంటుంది ఆయనకు. రేవు దగ్గర ఇసుక పొడిగా ఉంది. పరిగెలు చేసుకున్న గుంటలు ఎవరో తిని వదిలేసిన పళ్ళేల్లా వరసగా ఎండిపోయి ఉన్నాయి. పోయిన వారం మోకాలి లోతున్న రాతి మడుగులో గిట్టల గుర్తులూ బురదా, ఒక మూల తడి గోనెపట్టా పరిచినట్టు పచ్చటి పాచీ తప్ప ఏమీ లేవు. మామయ్య ఆ మడుగు అంచున చాలాసేపు నిలబడ్డాడు.

“ఇంకా ఏం చూస్తావు దోన్ క్రిసాంతో? చేపలు బస్సెక్కి ఎర్మొసియో పట్నం పోయినాయి, కూలి పని దొరుకుతాదని,” అన్నాడు మకారియో.

మామయ్య నవ్వలేదు. కాలవ తల దాకా నడిచి, రాళ్ళు ఏరి, ఒకదాని పక్కన ఒకటి మూడూ పెట్టాడు. నేను తేదీ రాశాను. పెద్దత్త వంతు వచ్చే సోమవారం. మిరప నారు నాటి ఇంకా నెల కాలేదు.

సాయంత్రం పెద్దత్త మా దొడ్డి వాకిట్లోకి వచ్చి నిలబడింది. మామయ్య నాలుగడుగుల దూరంలో కూచుని పలుపు తాడు పేనుతున్నాడు. ఆవిడ నా ముఖంలోకి చూసింది.

“ఒబ్దూలియా, మీ మామను అడుగు. సోమవారం నా వంతు గదా, అయిదు రోజులు ఓపిక పట్టలేకపోయినాడా అని.”

“ఏరు నా మాట విని తెగలేదని చెప్పమ్మా,” అన్నాడు మామయ్య తాడుతో.

“తెగిందని చెప్పింది ఆ నోరే గదా. అడుగు.”

“పరిగెలు లేవని చెప్పు.”

“అయితే ఆ పరిగెల్నే అడగమను, ఆ నీళ్ళు ఎవరి ఆలమో చెట్లు తాగినాయో.”

నేను ఇటు చూసి అటు చూశాను. చెప్పడానికి నాకేమీ మిగల్లేదు. లోపల రొట్టెలు కాలుస్తున్న అత్తయ్య, పెత్ర ఆమె పేరు, పిండి చేతులతోనే గుమ్మంలోకి వచ్చి, మా కోడలి గొంతు పోతుంది, మిగిలింది రేపు అడిగించుకోండి అంది. పెద్దత్త వెళ్ళిపోయింది. మామయ్య పేనిన తాడు విప్పి మళ్ళీ మొదటి నుంచి పేనాడు.

మర్నాటికి ఊళ్ళో మాట తేలిపోయింది. పదకొండేళ్ళ పగ తీర్చుకున్నాడన్నారు. దుకాణంలో ఆయన అడుగు పెట్టగానే మాటలు ఆగిపోయేవి. పద్ధతి ప్రకారమే చేశాడని అందరికీ తెలుసు. తెలిసి కూడా అనడమే ఊరికి సుఖం. ఆయన మాత్రం రొట్టె సగానికి చించి, ఒక సగం వదిలేసి లేచేవాడు.

పెద్దత్త ఏట్లో చెలమ తవ్వింది. ఇసుకలో మోచేతి లోతున ఊరే నీళ్ళను రెండు ఖాళీ కొవ్వు డబ్బాల్లో పట్టి, కావడి భుజాన వేసుకుని, మొక్కకో గ్లాసు చొప్పున పోసేది. ఏట్లోంచి చేనికి గట్టెక్కి దిగాలి. రెండు రోజుల్లో మూడు సాళ్ళయ్యాయి. మొదటి సాలు అప్పటికే మళ్ళీ అడుగుతోంది, పన్నెండోది తల వాల్చేసింది. మా దొడ్డి లోంచి చూస్తే ఆవిడ టోపీ గట్టు మీద పైకి వచ్చి మళ్ళీ కిందికి పోయేది కనబడేది. మామయ్య తన కుర్చీని గోడ వైపు తిప్పుకున్నాడు.

అత్తయ్య నా చేతికి ఒక డబ్బా ఇచ్చి, ఇంటికి నీళ్ళు తెచ్చే మిషతో పెద్దావిడకు నాలుగు డబ్బాలు మోసి రమ్మంది. పొద్దెక్కితే మకారియో ఆవులు చెలమ తొక్కేస్తాయని శనివారం మొదటి కోడి కూయగానే బయల్దేరాను.

చూడకముందే విన్నాను. రేవు దగ్గర నీళ్ళ చప్పుడు. నమ్మక ఇంకో అడుగు వేస్తే కాలు తడిసింది. మడమ మునిగేంత పల్చటి నీరు, ఇసుక మీద ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా జారుతూ పోతోంది. అందులో పరిగెలు. పదీ ఇరవై కాదు, వందలు. నీటికంటే వాటి వీపులే ఎత్తుగా ఉన్నాయి, ఎదురీదుతూ ఇసుకలో మూతులు పెట్టి తింటున్నాయి. పైన కొండల్లో వాన పడిందేమోనని చూశాను. మబ్బు తునక లేదు.

డబ్బా పక్కన పెట్టి అక్కడే కూచున్నాను. సూర్యుడు కొండెక్కాడు. ఆలమో ఆకులు మెరవడం మొదలైంది. కాసేపటికి నీళ్ళు అంచుల నుంచి లోపలికి ముడుచుకున్నాయి, కింద ఎవరో గొట్టం పెట్టి పీలుస్తున్నట్టు. చేపలు నీళ్ళ వెంట కిందికి పోతాయనుకున్నాను. పోలేదు. వాటి వెంటే రాతి మడుగు దాకా నడిచాను. ఒక్కొక్కటీ అక్కడి పచ్చటి పాచి దగ్గరకు వచ్చి దాని అంచు కింద తల దూర్చి లోపలికి జరిగాయి. ఇంట్లో పని చేసుకుని మధ్యాహ్నం మళ్ళీ వెళ్ళాను. ఎక్కడా తడి లేదు. రాతి మడుగులో పాచి పైన ఎండి అట్టకట్టింది. ఒక కొస ఎత్తి చూస్తే, కింద చల్లటి జిగురులో పరిగెలు అగ్గిపెట్టెలో పుల్లల్లా పక్కపక్కనే పడుకుని ఉన్నాయి. మొప్పలు కదులుతున్నాయి. డబ్బాలో ఉన్న కాసిని నీళ్ళు వాటి మీద చల్లి పాచి మళ్ళీ కప్పేశాను.

అత్తయ్యతో చెబితే రొట్టె తిప్పడం ఆపి విన్నది.

“నువ్వు చెప్తే కోడలు మామను తప్పు పట్టినట్టు. నేను చెప్తే పెళ్ళాం సాధించినట్టు. ఆ చేపలే చెప్పాల,” అంది.

ఆదివారం ఇంకా కోడి కూయకముందే అత్తయ్య మామయ్యను తట్టి లేపి, కంచరగాడిద తాడు తెంచుకుని రేవు వైపు పోయిందని చెప్పింది. గాడిద కొట్టంలో జొన్నచొప్ప నములుతూనే ఉంది. మామయ్య తిట్టుకుంటూ తాడు తీసుకుని ముందు నడిచాడు, నేను డబ్బాతో వెనక.

రేవులో ఆయన కాళ్ళు తడిశాయి. ఆగాడు. గాడిద కోసం ఒకసారి అటూ ఇటూ చూశాడు, అదీ మర్యాదకే. తర్వాత ఒక రాయి మీద కూచుని, టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని, పొద్దు పొడిచే దాకా నీళ్ళ వైపే చూశాడు. నీళ్ళు ఇసుకలోకి దిగిపోయాక తనే లేచి రాతి మడుగు దాకా నడిచి, మోకాళ్ళు పటపటమంటుంటే గొంతుక్కూచుని, పాచి కొస ఎత్తాడు.

“నలభై ఏళ్ళుగా ఈ ఏట్లో తిరుగుతున్నా. చూసిందంతా పగలే,” అన్నాడు. తల ఎత్తి ఒడ్డున ఉన్న తన ఆలమోల వైపు చూశాడు. “ఎండ కాసినంత సేపూ ఇవి తాగుతాయి. రాత్రి వీటికి దప్పిక ఉండదు, అప్పుడు మనకు వదులుతాయి. మనమేమో సరిగ్గా ఇవి తాగే వేళకు వచ్చి కుండ ఖాళీ అన్నాము.”

పాచిని చేపల మీద మడత పడకుండా సర్ది లేచాడు.

“గాడిద కొట్టంలోనే ఉంది మామయ్యా,” అన్నాను.

“తెలుసులే.”

ఆ రోజు పూజ ముగిశాక చర్చి వసారాలో ఊరిని నిలబెట్టాడు. ఎక్కువ మాట్లాడలేదు. రాళ్ళు పెట్టడంలో తప్పు తనదనీ, ఏరు తెగలేదనీ, తెల్లవారుజామున పారుతోందనీ, వాటిని తియ్యడానికి ఒప్పుకోమనీ అడిగాడు. మగవాళ్ళు టోపీలు చేతుల్లో తిప్పుకున్నారు.

మకారియో ముందుకొచ్చాడు. “మొన్న అక్క మీద కోపంతో పెట్టినాడన్నారు. ఇప్పుడు అక్క మీద ప్రేమతో తీస్తాడంటారు. రెంట్లో నీకేది కావాలో చెప్పు దోన్ క్రిసాంతో, అదే అంటాము.”

అందరూ నవ్వారు. మామయ్య కూడా కొంచెం నవ్వాడు. ఏదైనా అనుకోండి, పొద్దున లేచి చూసి అనుకోండి అన్నాడు. ఆవుల సంగతేమిటని మకారియో పట్టుబట్టాడు. దానికి మామయ్య దగ్గర జవాబు ఉంది: కాలవకు సగమే, మిగతా సగం ఏట్లోనే. రోజుకు ఒక్క చేను. సూర్యుడు కనబడగానే మడవ మూత. ఏట్లో వదిలిన సగం మకారియో పశువులు తాగే మడుగునూ నింపుతుంది, పాచినీ తడిపి ఉంచుతుంది. పాచి ఎండితే పరిగెలు పోతాయి. పరిగెలు పోతే అప్పుడు తనే రాళ్ళు పెడతాడు, ఎవరి వంతైనా సరే. మడవ మూసే పని మకారియోకే అప్పగించడంతో ఆయనకు అడ్డు చెప్పడానికి వీల్లేకుండా పోయింది. చేతులు లేచాయి.

ఆడవాళ్ళ వైపు నుంచి పెద్దత్త నా మోచెయ్యి పట్టుకుంది. “మీ మామకు చెప్పు. తప్పు ఒప్పుకున్నందుకు దండలు వెయ్యను. రేపు చేలో మాత్రం ఉంటాను.” అది ఆయనకు వినబడింది. నా వైపు తల ఊపాడు.

సోమవారం చీకటి ఉండగానే రాళ్ళు తీశాం. మకారియో కాలవ తల దగ్గర లాంతరు పెట్టుకుని, తన సగం కొలుచుకుంటూ కూచున్నాడు. అయిదు రోజులు ఎండిన కాలవ దారి పొడుగునా తాగుతూ పోయింది. తోకకు చేరేసరికి ఎదర ఎండుటాకులు నెట్టుకుంటూ, ముసలి కుక్కలా వచ్చింది నీరు. పెద్దత్త చెప్పులు విడిచి పార పట్టి సాలు వెంట సాలు తిప్పుకుంటూ పోయింది. ఎక్కువ ఎండింది ముందు అని పన్నెండో సాలుతో మొదలుపెట్టింది. నేను సాలు చివర నిలబడి తడి అందగానే కేక వేస్తున్నాను. మామయ్య గట్టు చూసుకుంటూ పైకీ కిందికీ నడుస్తున్నాడు. ఆరు సాళ్ళు అయ్యేసరికి తూర్పు కొండ అంచు ఎర్రబడింది.

అప్పుడు గట్టుకు గండి పడింది. పందికొక్కు బొరియ కాబోలు, ఎండకు లోపల గుల్లయి ఉంది. నీళ్ళు ఒక్కసారిగా పక్కకు తిరిగి ఏటి వైపు దూకాయి. మామయ్య రాయి పెట్టాడు, కొట్టుకుపోయింది. కోటు విప్పి కుక్కాడు, అదీ పోయింది. ఇక ఆయన వెనక్కి తిరిగి, ఊరి నీళ్ళ తీర్పరి, ఆ గండిలో చతికిలబడ్డాడు. నీళ్ళు ఆయన వీపుకు తగిలి, ఒక క్షణం ఆలోచించి, మళ్ళీ సాళ్ళ వైపు తిరిగాయి.

పెద్దత్త పార పట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చి ఆయన్ని చూసింది.

“కదలొద్దు,” అంది.

నాతో కాదు.

మామయ్య కళ్ళెత్తాడు. “ఎంతసేపు?”

“ఇంకా ఆరు సాళ్ళు ఉండాయి.”

“నీళ్ళు చల్లగా ఉన్నాయే.”

“జూన్‌లో చల్లగా కూచోను ఊళ్ళో ఎంతమందికి రాసిపెట్టి ఉంది? ఇటు జరుగు. ఇంకొంచెం.” ఆయన నడుము చుట్టూ బురద తట్టి మెత్తుతోంది. “అమ్మ నీకు మీగడంతా పెడుతుంటే ఏడ్చేదాన్ని. ఊరికే పోలేదు.”

“అక్కా, కింద ఏందో కదులుతాంది.”

“పరిగెలే. కూచో.”

ఆవిడ మళ్ళీ సాళ్ళలోకి పోయింది. నేను ఇద్దరి మధ్యా నిలబడి ఉన్నాను. ఎవరూ నన్ను ఏదీ చెప్పమనలేదు. ఆరో సాలు, అయిదు, నాలుగు, మూడు. మామయ్య పళ్ళు టకటకలాడుతున్నా కదల్లేదు. రెండో సాలు తడుస్తుండగా ఎండ మా ముఖాల మీద పడింది. పైన మకారియో మాట ప్రకారం మడవ మూశాడు. కాలవలో మిగిలిన నీళ్ళు మొదటి సాలులో సగం దాకా పాకి ఆగిపోయాయి. ఆ మిగిలిన సగానికి డబ్బాతో పోసుకుంటానంది పెద్దత్త. పార కర్ర చాపితే మామయ్య దాన్ని పట్టుకుని లేచాడు. ప్యాంటు బరువుకి జారిపోతుంటే రెండు చేతులా పట్టుకున్నాడు.

తడిసిన సాళ్ళలో అక్కడక్కడా పరిగెలు మిలమిలా కొట్టుకుంటున్నాయి, కాలవ వెంట కొట్టుకొచ్చినవి. పెద్దత్త కొంగుతో ఏరడం మొదలుపెడితే మామయ్య కూడా వంగాడు. ఇరవైకి పైనే దొరికాయి. నీళ్ళ డబ్బాలో వేసుకుని ఏటికి నడిచారు, పాచి కింద వదలడానికి. ఊరంతా పాలు పితికే వేళ. బురద కట్టిన వెనకభాగంతో తీర్పరీ, డబ్బా పట్టుకుని ఆయన అక్కా ఊరి దారి వెంట పోతుంటే దొడ్ల మీంచి తలలు లేచాయి. వాళ్ళు చూడలేదు, పోట్లాడుకుంటున్నారు. రెండు ఆలమోలు నరికెయ్యమని ఆవిడ. నరకనని ఈయన. పోనీ ఒకటి. చలికాలంలో కొమ్మలు కొట్టి నీ గట్టున పాతిస్తా, దానికీ దడి ఉంటుందని ఈయన. వంకరగా పాతినావంటే పీకి పొయ్యిలో పెడతానని ఆవిడ. పదకొండేళ్ళుగా నా నోటి గుండా పోవాల్సినదంతా ఇప్పుడు వాళ్ళే ఒకరి మీద ఒకరు కుమ్మరించుకుంటున్నారు. వెనక ఖాళీ చేతులతో నడవడం నాకెంతో హాయిగా ఉంది.

సాన్ హువాన్ వెళ్ళిన ఎనిమిదో రోజున వాన పడింది. ఆ లోపల మిగిలిన నాలుగు చేలకూ తెల్లవారుజాము నీళ్ళు అందాయి.

ఆ సోమవారం మాత్రం మేము ఇల్లు చేరేసరికి బారెడు పొద్దెక్కింది. వాకిట్లో ఇద్దరి గొంతులూ వినబడి అత్తయ్య పొయ్యి దగ్గర నుంచి లేచింది. కిటికీలోంచి చూసింది. పెద్దత్త మామయ్యను ఆ ప్యాంటుతో లోపల అడుగు పెట్టొద్దని గుమ్మం బయటే ఆపి, చెంబుతో నీళ్ళు కుమ్మరిస్తోంది.

“ముందు ఎవరు మాట్లాడినారు?” అని అత్తయ్య నన్ను మెల్లగా అడిగింది.

“గండి పడింది అత్తయ్యా,” అన్నాను.

అర్థమైనట్టు తలూపి, పిండి మూకుడు దగ్గరకు లాక్కుని, ఇంకో రెండు గుప్పెళ్ళు వేసి కలపడం మొదలుపెట్టింది.